ఈశాన్యం వైపు వాలిన డ్రోన్లు

డ్రోన్ చేతికొచ్చిన పిల్లలకు ముందుగా ఒక మాట చెప్పాలి. దాన్ని గాల్లోకి లేపే ముందు మీ కాళ్ల కింద నేల ఎటు వాలి ఉందో చూసుకోండి. నవ్వకండి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను చూసుకోని విషయాలు బోలెడున్నాయి గానీ, ఇంకో మనిషి ఉద్యోగం మీదికి తెచ్చింది మాత్రం ఇదొక్కటే.

కర్నూలు ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఫిట్టింగు, వెల్డింగు, వైరింగు నేర్పేవాణ్ణి. నిరుడు యాభై మూడో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్తాను. మోకాళ్ల డాక్టరుకు ఇంకో కారణం చెప్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు మొదట్నుంచీ చేతకాదు, ఆ జబ్బే నన్ను డ్రోన్ల దగ్గరికి తీసుకుపోయింది.

ఒకరోజు స్టాఫ్ రూములో టీ తాగుతూ ఆదోనిలో మా చుట్టాల పెళ్లి గురించి చెబుతున్నాను. పెళ్లి వీడియో తీసేవాడికి కడుపునొప్పి వస్తే డ్రోన్ నేనే ఎగరేశానని, మండపం మీద గద్ద ఒకటి దాని మీదికి వచ్చిందని, ఇరవై నిమిషాలు గాల్లో ఇద్దరం కొట్లాడామని, చివరికి గద్ద అలసిపోయి డ్రోన్ మీదనే కూర్చుంటే దాన్ని మెల్లగా దించి రెండు అక్షింతలు కూడా వేయించానని చెప్పాను. నిజానికి నేను ఆ పెళ్లికి పోయింది భోజనం వేళకు. డ్రోన్‌ను చూశాను, అది కూడా పెట్టెలో.

వెనక ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నాడని ఎవరూ సైగ చేయలేదు.

"ఏమప్పా, గద్దతోనే కొట్లాడినోడివి! పిల్లోళ్లకు డ్రోన్ ఫుట్‌బాల్ నేర్పించలేవా? రేపట్నించి టీముకు నువ్వే ఇన్‌చార్జి."

"సార్, అది... గద్ద కొంచెం చిన్నది సార్," అన్నాను. అంతకంటే ఎక్కువ నిజం ఆ క్షణంలో నా నోట రాలేదు.

ఆ ఆట చూడనివాళ్ల కోసం చెప్తాను. డ్రోన్ ఫుట్‌బాల్లో బంతి వేరే ఉండదు. ఆడేవాడే బంతి. చుట్టూ వల కట్టిన పెద్ద పంజరం లాంటి గది, రెండు కొసల్లో మనిషికి అందనంత ఎత్తులో వేలాడే గుండ్రటి రింగులు, అవే గోలు. ఒక్కో జట్టుకు అయిదు డ్రోన్లు. అయిదింట్లో ఒక్కటే, తోకకు గుర్తు కట్టింది, స్ట్రైకర్. అది ఎదుటివాళ్ల రింగులోంచి దూరి బయటికొస్తే గోలు. మిగతా నాలుగూ దారి చేయాలి, దారి కాయాలి, గుద్దాలి, గుద్దించుకోవాలి. మూడు నిమిషాలకు ఒక సెట్టు, మూడు సెట్లు. ఆడేవాళ్లు వల బయట రిమోట్లు పట్టుకొని నిలబడి తలకాయలు పైకెత్తి అరుస్తుంటారు.

ఇట్లా గుద్దుకునే డ్రోన్‌కు పెళ్లి డ్రోన్ ఒళ్లు పనికిరాదు. నాలుగు మోటార్లు, నాలుగు రెక్కలు దానికీ దీనికీ ఒకటే. ఎదురెదురు మూలల్లో ఉన్నవి రెండు ఒక వైపు తిరిగితే, మిగతా రెండూ ఇంకో వైపు తిరుగుతాయి. అన్నీ ఒకే వైపు తిరిగితే డ్రోన్ బొంగరమైపోతుంది. దీనికి ఉన్న తేడా చుట్టూ కట్టిన గుండ్రటి ప్లాస్టిక్ పంజరం. దాని పక్కటెముకలు దెబ్బకు వంగాలి, విరగకూడదు. తేలిగ్గా ఉండాలి, మెత్తగా ఉండకూడదు. గాలి ధారాళంగా పోవాలి, పక్కవాడి డ్రోన్ మాత్రం ఇరుక్కోకూడదు. ఇన్ని షరతులు మా పెళ్లి సంబంధాల్లో కూడా వినలేదు. దానికి తోడు మా కర్నూలు ఎండ. ఏప్రిల్లో గాలి వేడెక్కి పలచబడితే రెక్కలకు పట్టు చిక్కదు, మోటార్లు కాలిపోతాయి, బ్యాటరీలు పూరీల్లా ఉబ్బుతాయి. ఎర్రదుమ్ము బేరింగుల్లో దూరి కీచుమంటుంది.

నడుమ వేలిగోరంత చిప్పు ఒకటుంటుంది. "నేను సమంగా ఉన్నానా" అని సెకనుకు వేల సార్లు తనను తాను అడుగుతూ, ఒరిగితే సరిచేసుకుంటుంది. అయితే సమం అంటే ఏమిటో దానికి పుట్టుకతో తెలియదు, మనమే చెప్పాలి. కదలకుండా ఒక చోట పెట్టి, కంప్యూటర్లో బటన్ నొక్కి "ఇదే సమం" అని చెప్పాలి. ఇక అది కళ్లు మూసుకొని నమ్ముతుంది. మేం దాన్ని సున్నా చేయడం అనేవాళ్లం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తక్కినదంతా మరిచిపోయినా ఫరవాలేదు.

ప్రిన్సిపాల్ మాకిచ్చింది పాత జనరేటర్ గది. కింద బేతంచెర్ల బండలు, పైన రేకులు. ఈశాన్యం మూల గోడకు పాతకాలం దేవుడి పటం ఒకటి వేలాడుతుండేది. గుండ్రటి డ్రోన్ నేల మీద దొర్లకుండా కుండ కింద పెట్టే కుదురు లాంటి గుడ్డ కుదుర్ల మీద పెట్టేవాళ్లం. పటం ఉండే మూలకే మూతి తిప్పి సున్నా చేసేవాళ్లం. ఎవరూ చెప్పలేదు, అయినా మొదటి రోజు నుంచీ అంతే. కొత్త బండి కొంటే ఎటు తిప్పి నిలబెడతామో మీకు తెలియనిదా!

ఆ కుదుర్లు చుట్టింది మా ల్యాబ్ అసిస్టెంటు. నలభై ఏళ్ల ఆవిడ, ఎమ్మిగనూరు చేనేత ఇంటి ఆడబిడ్డ, కర్నూలు కోడలు. కాంట్రాక్టు ఉద్యోగం, పదకొండు నెలలకొకసారి ఆర్డరు. డ్రోన్ పక్కటెముక విరిగితే కొత్తది పట్నం నుంచి రావాలి, వచ్చేసరికి ఇంకో నాలుగు విరిగేవి. ఒకరోజు ఆమె విరిగిన చోట నూలు దారం వరస తప్పకుండా బిగించి చుట్టి, పైన రెండు చుక్కలు జిగురు పోసింది. తరవాతి గుద్దుడుకు ఆ పక్కటెముక ఇంకో చోట విరిగింది గానీ ఆమె కట్టిన చోట విరగలేదు.

"యాడ నేర్చుకున్నావమ్మా ఇది?" అన్నాను.

"తెగిన పోగు అతికేది నేర్పిచ్చాలా సార్? మా ఇంట్లో పిల్లోళ్లు మాటల కంటే ముందు అది నేర్చుకుంటారు."

డ్రోన్ పని గురించి నాకంటే ఆమెకే ఎక్కువ తెలిసేది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు. సందేహం వస్తే "అక్కా" అని పోయేవాళ్లు. సెలవు కావాలంటే "సార్" అని వచ్చేవాళ్లు.

కడపలో కాలేజీల మధ్య పోటీ ఖాయమైన రోజు ప్రిన్సిపాల్ నన్ను పిలిపించాడు.

"అప్పా, మేనేజ్‌మెంటోళ్లు ఖాళీ గదులు యాడ ఉండాయని అడుగుతాండారు. కప్పు తెస్తే ఆ గది మీది, ఆయమ్మ ఆర్డరు కూడా వస్తాది. తేకపోతే గది ప్లేస్‌మెంట్ వాళ్లకు పోతాది. గది లేకపోతే అసిస్టెంటు ఎందుకు?"

ఆ మాట ఆమెకు మెత్తగా ఎట్లా చెప్పాలా అని నేను గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటుంటే, ఆమే అంది. "తెలుసు సార్. ఆఫీసులో చెప్పినారు. మగ్గం అమ్మేసి వచ్చినా నేను. యెనక్కి పోయి కూచోవడానికి ఈపొద్దు మగ్గం కూడా లేదు." అని దారం పళ్లతో కొరికి, తరవాతి డ్రోన్ అందుకుంది.

పోటీ రోజు పొద్దున్నే కాలేజీ బస్సులో బయల్దేరాం. అయిదుగురు పిల్లలు, ఆమె, నేను, ఆరు డ్రోన్లు. ఆరోది రిజర్వు. ఆళ్లగడ్డ రాగానే డ్రైవర్ బండి నెమ్మది చేశాడు.

"సార్, అహోబిలం ఈడనే కదా. ఒక్క దండం పెట్టుకొని..."

"పదింటికి రిపోర్టింగప్పా! పోనీ."

"నరసింహస్వామి సార్. ఒగ దండం పెట్టుకుంటే ఇంగ ఎవురడ్డం?"

"ఆయన స్తంభంలోంచి వచ్చేలోపల మనల్ని లిస్టులోంచి తీసేస్తారు. పోనీ!"

చాగలమర్రి దాటేదాకా అతను హారన్ ద్వారానే నాతో మాట్లాడాడు.

కడపలో పోటీ పెట్టిన కాలేజీని చూసి నాకు కడుపు మండింది. ఏసీ హాలు, కొత్త వల, డ్రోన్లు సున్నా చేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక రాతిబల్ల, దాని మీద రసమట్టం. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడి ఉంది. "మీ డ్రోన్లను ఇక్కడ సమం చేసుకోవచ్చు" అని బోర్డు. ఆ బుడగను చూడగానే నాలో ఎన్నడూ లేని క్రమశిక్షణ మేల్కొంది. జీవితంలో ఒక్కసారైనా పని పద్ధతిగా చేద్దామనిపించింది. పిల్లలు ఇడ్లీలు తింటుండగా, ఆమె బ్యాటరీలు చూసుకుంటుండగా, ఎవరికీ చెప్పకుండా ఆరింటినీ ఆ బల్ల మీద పెట్టి కొత్తగా సున్నా చేశాను. చేసి చేతులు దులుపుకున్నాను.

మొదటి సెట్టు గురించి వీలైనంత తక్కువ చెప్తాను. ఈల వేయగానే ఎదుటి జట్టు అయిదు డ్రోన్లూ ముందుకొచ్చాయి. మావి అయిదూ వెనక్కి పోయాయి. ఏదో మర్యాద ఇచ్చినట్టు, దారి ఇచ్చినట్టు, మెల్లగా వెనక్కి జరిగి వలకు ఆనుకున్నాయి. మా స్ట్రైకర్‌ను ఎగరేసేది వేంపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. ఆదివారం పొద్దున చర్చికి, మధ్యాహ్నం ప్రాక్టీసుకు తప్పనిది. రింగు ముందుకు పోయి దూరాల్సిన చోట ఆ పిల్ల డ్రోన్ ఆగి, జంకి, వెనక్కొచ్చేది.

"సార్, ఇది నా డ్రోన్ కాదు! ఎవురో మార్చినారు!"

"నీదేనమ్మా, నంబరు చూడు!"

"నంబరు నాదే సార్, బుద్ధి నాది కాదు!"

ఏడు సున్నా.

రెండు నిమిషాల విరామం. నేను నాకు తెలిసిన కారణాలన్నీ చెప్పాను. ఏసీ గాలి అన్నాను. కడప కరెంటు అన్నాను. బ్యాటరీ మీద పనిచేసేదానికి కరెంటుతో ఏం పని అని ఒక కుర్రాడు అడిగాడు. వెనక నుంచి డ్రైవర్, "నేను ఆళ్లగడ్డలోనే చెప్పినా," అన్నాడు. మా అసిస్టెంటు మాత్రం డ్రోన్లనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"సార్, పొద్దున వీటిని మీరేమన్నా చేసినారా?"

"సున్నా చేసినా. అంతే. రసమట్టం పెట్టి, పద్ధతిగా."

"సార్, మన గదిలో బిందెడు నీళ్లు పోస్తే యాడికి పోతాయి?"

"ఇప్పుడు నీళ్లెందుకమ్మా?"

"చెప్పండి సార్. రోజూ కడిగేదాన్ని నేను. యాడికి పోతాయి?"

"తూము దగ్గరికి. ఈశాన్యం మూలకు."

"డ్రోన్లు మూతి యాడికి పెట్టి సున్నా చేస్తాం?"

"ఆ మూలకే," అని తల కొట్టుకున్నాను.

మూడు నెలలుగా మా డ్రోన్లన్నీ మూతి కిందికి వాలిన నేల మీద "ఇదే సమం" అని నేర్చుకున్నాయి. అందుకే గాల్లోకి లేస్తే చాలు, అవంతట అవే ముందుకు జారేవి. పిల్లలు ఆ జారుడుకు అలవాటుపడి, నిలపాలంటే రిమోట్ మీది పుల్లను కొంచెం వెనక్కి లాగి పట్టుకొని ఆడటం నేర్చుకున్నారు. వాళ్ల బొటనవేళ్లకు అదే సమం. నేను పొద్దున డ్రోన్లకు నిజం చెప్పాను, వేళ్లకు చెప్పలేదు.

ఆమె అప్పటికే స్ట్రైకర్‌ను కుదురు మీద పెట్టి, ఆ కుదురు తోకవైపు కింద దూర్చడానికి ఏదైనా కావాలని వెతుకుతోంది. నా చేతిలో పోటీ నిబంధనల పుస్తకం ఉంది. లాక్కుని, నడిమికి మడిచి, కింద పెట్టి, కన్ను చిట్లించి చూసింది. ఇంకో మడత వేసింది. "ఇంతే సార్. నొక్కండి." నొక్కాను. రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది. ఈల వినిపించింది. ఆ పుస్తకాన్ని అంత శ్రద్ధగా వాడుకున్న జట్టు ఇంకోటి ఉండదు.

రెండో సెట్టులో మా పిల్లలు వేరే మనుషులయ్యారు. డ్రోన్లు వదిలిన లేగదూడల్లా ముందుకు దూకాయి. వేంపల్లె అమ్మాయి వరసగా మూడు గోల్స్ కొట్టి, నాలుగోది తలకిందులుగా దూరింది. (నాలుగోది నేను కలిపింది. మూడు నిజం.) ఎదుటివాళ్లు రెండు. కుర్రాళ్లు అరుస్తుంటే మా అసిస్టెంటు మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, కళ్లు రింగు మీద నుంచి తిప్పకుండా నిలబడింది. చివరి నిమిషంలో ఒక గుద్దుడుకు మా రింగు కాసే డ్రోన్ మోటారు ఒకటి పోయింది.

"రిజర్వు తీయండి!" అన్నాను హుషారుగా. తీశారు. ఎక్కించారు. మూడో సెట్టు మొదలైంది.

ఆ రిజర్వు డ్రోన్ ఆరోది. మేం పుస్తకం పెట్టి వాల్చింది అయిదింటినే.

నాకు ఆ సంగతి తట్టేసరికి సెట్టులో సగం అయిపోయింది. తెలిసి చేసేదేమీ లేదు, గాల్లో ఉన్నదాన్ని సున్నా చేయలేం. రింగు కాసే కుర్రాడు అలవాటుకొద్దీ పుల్లను వెనక్కి లాగి పట్టుకున్నాడు, డ్రోన్ మెల్లగా రింగు వదిలి వెనక మూలకు పోయి వల చాటున నక్కింది. "ముందుకు నెట్టురా!" అంటే నెట్టేవాడు, మరుక్షణం వేలు మళ్లీ పాత చోటికే పోయేది. రెండు రెండు మీద ఉండగా, ఈల పడబోయే ముందు, కాపలా లేని రింగులోంచి ఎదుటివాళ్ల స్ట్రైకర్ తీరిగ్గా దూరిపోయింది.

ఒక్క గోలుతో కప్పు పోయింది. ఒక్క రోజులో ఒకే గుంతలో రెండు సార్లు పడ్డ మనిషిని మీరు చూడాలంటే నా దగ్గరికి రండి.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ పక్కన కూర్చొని విరిగిన మోటారు ఒళ్లో పెట్టుకొని తీగలు విప్పుతోంది. నేను పోయి పక్క సీటులో కూర్చున్నాను.

"తప్పు నాదేనమ్మా. రెండు సార్లూ నాదే. రేపు పెద్దసారుతో చెప్తా."

"చెప్పండి సార్," అంది. తలెత్తలేదు. "నమ్మితే."

మరుసటి రోజు ప్రిన్సిపాల్ గదిలో ఉన్నదున్నట్టు చెప్పాను. గద్దల్లేవు, కలిపింది ఏమీ లేదు. ఆయన పూర్తిగా విని, వెనక్కి వాలి, పొట్ట పట్టుకొని నవ్వాడు.

"ఏం కత చెప్తాండావప్పా! నేల వాటానికి మ్యాచి ఓడిపోతారా? ఈసారి గద్దే నయం."

నేను ప్రమాణం చేశాను. ఇంకా నవ్వాడు. తప్పు నాదని కాగితం మీద రాసిస్తానన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఒక మనిషి నిజం చెప్పి ఇంత అవమానపడటం నాకు అన్యాయమనిపించింది. గుమ్మం దగ్గర ఆమె నిలబడి ఉంది.

"సార్, ఒక్క నిమిషం గదికి రండి సార్," అంది ప్రిన్సిపాల్‌తో.

గదిలో ఆమె బిందె ఎత్తి నైరుతి మూలలో నీళ్లు వంచింది. నీళ్లు బండల మీద పరుచుకొని, కాసేపు ఎటు పోదామా అన్నట్టు ఆగి, నేరుగా పటం కిందికి నడిచి, తూములో దిగాయి. ప్రిన్సిపాల్ వాటి వెంట నడిచాడు. తూము దగ్గర వంగి చూశాడు. పటం వైపు చూశాడు. ఆయన ముఖంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది.

"అంటే... ఈ నేల మీద సున్నా చేసినప్పుడు మనం గెలిచినాం. వాళ్ల బల్ల మీద చేస్తే ఓడిపోయినాం."

"అది కాదు సార్, అసలు సంగతేమంటే..." అని నేను మొదలుపెట్టాను.

"ఏడు సున్నా ఎవరి బల్ల? వాళ్లది. గెలిచిన సెట్టు ఎవరి వాటం? మనది! ఈశాన్యం వాటమప్పా!" ఆయన పటానికి చేతులు జోడించాడు. "ఇట్లాంటి గదిని ప్లేస్‌మెంట్ వాళ్లకు ఇచ్చేదేమప్పా? నాకు బుద్ధుండాల్నా, వద్దా?"

"సార్, వాటం మంచిది కాదు సార్, పిల్లలకు అలవాటు..."

నా కాలి మీద ఏదో బరువుగా పడింది. చూస్తే ఖాళీ బిందె. ఆమె దాన్ని నా పాదం మీద దించి, ప్రిన్సిపాల్ వైపు వినయంగా చూస్తోంది. నొప్పికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని ఆయన భక్తి అనుకున్నాడు.

ఇరవై ఆరేళ్లుగా అబద్ధాలు చెప్పి బతికినవాణ్ణి, ఒక్క నిజం మింగడానికి ఎంత కష్టపడ్డానో మీకు చెప్పలేను. మింగాను. "అవును సార్, ఈశాన్యమే," అన్నాను.

వారంలో గది గోడకు బోర్డు వచ్చింది. ఈ గదిలో తప్ప మరెక్కడా డ్రోన్లు సున్నా చేయరాదు, చేసినచో చర్య తీసుకోబడును. దాని వెనకాలే ఆమె ఆర్డరూ వచ్చింది. ఆఫీసు నుంచి నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆమె రెండు సార్లు చదివింది.

"పదకొండు నెలలే కదా సార్."

"పదకొండే."

"చాలు." మడిచి జాకెట్లో పెట్టుకుంది. "అంతలోపల పిల్లోళ్ల చేతి యేళ్లు సరిచేయాల. తలుపు మూయండి సార్."

బోర్డు కిందే ఒక పాత డ్రాయింగు బల్ల లాగింది. దాని కాళ్ల కింద అట్టముక్కలు పెట్టింది. పైన స్టీలు తళ్లెలో నీళ్లు పోసి, అంచు చుట్టూ నీరు ఒకే ఎత్తున నిలిచేదాకా ఒక్కో కాలూ తట్టింది. మాకు రసమట్టం ఎవరూ కొనివ్వలేదు, కొనమని అడిగితే ఎందుకని అడుగుతారు. తళ్లె తీసి కుదురు పెట్టి, స్ట్రైకర్‌ను దాని మీద నిలబెట్టింది. నేను బటన్ నొక్కాను.

ప్రాక్టీసుకు వచ్చిన వేంపల్లె అమ్మాయి డ్రోన్‌ను తల ఎత్తు దాకా లేపింది. ఆ పిల్ల బొటనవేలు అప్పటికే వెనక్కి పోతోంది.

"యేలు తీసెయ్ పాపా," అంది ఆమె.

"పడిపోతాది అక్కా."

"పడదు. ఎత్తు పుల్ల నువ్వు పట్టుకో. ఇంగోటి ఇడిసిపెట్టు."

అమ్మాయి వదిలేసింది. డ్రోన్ ఒకసారి అటు ఊగింది, ఇటు ఊగింది. ముందుకు పోతుందని ముగ్గురం కాచుకొని చూశాం. పోలేదు. రేకుల కింద, ఆ ఎండ వేడిలో, ఉన్న చోటనే గుయ్యిమంటూ నిలబడింది.

"సార్, ఇది యాడికీ పోవడం లేదు!" అంది అమ్మాయి.

"పోదు," అంది ఆమె, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఇంగ రెండోది తీసుకురా."